తమ్ముడి పెళ్లికి నలుగురు ఫ్లవర్ గర్ల్స్‌కి ఫ్రాకులు ఇంట్లోనే కుడదామనుకుంటున్నాను – గుడ్డ, కొలతలు, లైనింగ్ గురించి చెప్పండి

గుంటూరు_ఆడపడుచు

అందరికీ వందనాలు. మే నెలలో మా తమ్ముడి పెళ్లి, గుంటూరులో చర్చిలో. మా అక్క కూతుళ్లు ఇద్దరు, మా పాప, పెళ్లికూతురి అన్నయ్యగారి పాప, మొత్తం నలుగురు పూలబుట్టలు పట్టుకుని ముందు నడుస్తారు. వయసులు 3, 5, 7, 10.

రెడీమేడ్ చాలాచోట్ల చూశాం. మూడేళ్ల పిల్లకి దొరికిన డిజైన్ పదేళ్ల పిల్ల సైజులో ఉండదు. ఉన్నా లోపల గరుకు నెట్ నేరుగా ఒంటికి తగులుతోంది. మా పాప ట్రయల్ రూములోనే గోక్కోవడం మొదలుపెట్టింది. మే ఎండల్లో ఆ ఫ్రాకుతో పిల్లలు మూడు నాలుగు గంటలు ఎలా ఉంటారా అని భయమేసింది. అద్దెకి ఇచ్చేవాళ్ల దగ్గర కూడా నాలుగూ ఒకేలా లేవు. అందుకే నేనే కుడదామనుకుంటున్నాను.

లైనింగ్ జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు బాగానే కుడతాను. శాటిన్, నెట్ మీద మాత్రం అనుభవం తక్కువ. నా దగ్గరున్నది మోటారు పెట్టించిన కాలు మిషన్, జిగ్‌జాగ్ రాదు. మనసులో ఉన్న డిజైన్ ఇది: తెల్ల శాటిన్ మీద నెట్, చేతులు లేకుండా లేదా చిన్న బుట్టచేతులు, నడుముకి బెల్టు, వెనక బో. గుడ్డ ఎంత తీసుకోవాలి? గొడుగు కటింగ్ (గుండ్రంగా కోసేది) మంచిదా, కుచ్చులు మంచివా? కాన్‌కాన్ (ఫ్రాకు ఉబ్బుగా నిలబడటానికి లోపల వేసే గట్టి నెట్) వేయాలా?

తెనాలి_మాస్టర్

అమ్మా, లైనింగ్ జాకెట్ కుట్టే చేతికి ఫ్రాకు పెద్ద పనేం కాదు. పదేళ్ల లోపు పిల్లలకి డాట్లతో (ఛాతీ దగ్గర వేసే మడత కుట్లతో) పని లేదు కాబట్టి పైభాగం మీ జాకెట్ కన్నా తేలికే.

ముందు గుడ్డ సంగతి. నలుగురికీ కావలసిన శాటిన్ మొత్తం ఒకే తానులోంచి తీసుకోండి. తెలుపు అంటే ఒక్క తెలుపు కాదు. ఒక తాను నీలి ఛాయ కొడుతుంది, ఇంకోటి పాల మీగడ రంగులో ఉంటుంది. షాపు లైట్ల కింద తేడా తెలియదు గానీ పిల్లలు పక్కపక్కన నిలబడినప్పుడు ఫొటోలో పట్టిస్తుంది. నెట్ కూడా అంతే. మీకు విజయవాడ దగ్గరే కాబట్టి వన్‌టౌన్‌లో వస్త్రలత టోకు బట్టల మార్కెట్‌కి ఒక పూట వెళ్లండి, తాను లెక్కన చూపిస్తారు. తానుని ఎండలోకి తెచ్చి చూసుకునే కోయించండి.

శాటిన్ మరీ పల్చటిది వద్దు. చేత్తో నలిపి వదిలితే ముడతలు నిలవకూడదు. నెట్‌లో సాఫ్ట్ నెట్ అడగండి.

మాన్య_నాన్న

నేను కుట్టేవాణ్ణి కాదు, పిల్ల తండ్రిని. ఒక్కమాట చెప్పొచ్చా అక్కా? మా పాప నాలుగేళ్లప్పుడు ఇలాగే ఫ్లవర్ గర్ల్‌గా నడిచింది. నేల దాకా ఉన్న గౌను. మెట్టెక్కేటప్పుడు ముందు అంచు కాలి కింద పడేది. బాత్రూంకి తీసుకెళ్లినప్పుడు నేనూ మా ఆవిడా ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది. మూడేళ్ల పాపకి మోకాలు కిందకి కొంచెం ఉంటే చాలు. పెద్దపిల్లలకి పొడుగు పెట్టినా, అందరిలో చిన్నదానికి మాత్రం పొట్టిగా కుట్టండి.

గుంటూరు_ఆడపడుచు

ఇది నాకు తట్టలేదు తమ్ముడూ. నలుగురికీ పాదాల దాకా అనుకున్నాను. ఇప్పుడు చిన్నదానికి పిక్కల సగం దాకా, మిగతావాళ్లకి చీలమండకి రెండు అంగుళాలు పైకి పెడతాను.

తెనాలి_మాస్టర్

మంచి నిర్ణయం. ఇక కటింగ్. నా సలహా: లోపలి శాటిన్ గొడుగు కట్, పైన నెట్ కుచ్చులు. రెండూ కుచ్చులైతే నడుము దగ్గర గుడ్డ పోగుపడి పిల్ల లావుగా కనిపిస్తుంది, వేడి కూడా. శాటిన్ గొడుగైతే నడుము పల్చగా ఉండి కింద విచ్చుకుంటుంది.

ఐదేళ్ల పాప లెక్క వేసి చూపిస్తాను, మిగతావి మీరే వేసుకోండి. నడుము 22, నడుము నుంచి పొడవు 22 అనుకుందాం. నడుమును 6.28తో భాగిస్తే మూడున్నర. అదే లోపలి గుండ్రానికి మధ్య నుంచి అంచు దాకా కొలత. దానికి పొడవు 22, అంచుకి అర అంగుళం కలిపితే 26. అంటే పూర్తి గొడుగుకి 52 అంగుళాల చదరం కావాలి. శాటిన్ పన్నా (గుడ్డ వెడల్పు) 44 అయితే ఒక్క ముక్కలో రాదు. రెండు అర్ధచంద్రాలుగా కోసి పక్కల అతకాలి. ఒక్కో అర్ధచంద్రానికి 26 వెడల్పు, 52 పొడవు. రెండింటికీ కలిపి 104 అంగుళాలు, మూడు మీటర్లు తీసుకుంటే సరిపోతుంది. పక్కన 18 అంగుళాల పట్టీ మిగులుతుంది. పైభాగం, బో అందులోనే వచ్చేస్తాయి, పారేయకండి.

గుండ్రం కోసేటప్పుడు మూడున్నర బదులు మూడుంపావు పెట్టుకోండి. క్రాస్‌గా (ఏటవాలుగా) వచ్చిన గుడ్డ సాగుతుంది. తక్కువైతే ఇంకాస్త కోసుకోవచ్చు, ఎక్కువైతే చేసేదేమీ ఉండదు.

నెట్ పన్నా 58 వస్తుంది. రెండు పన్నాలు అతికితే చుట్టూ 116. 22 నడుముకి అది అయిదు రెట్లు, బాగా నిండుగా ఉంటుంది. ఒక్కో పొరకి మీటరుంపావు. రెండు పొరలు వేస్తే రెండున్నర మీటర్లు.

ఖమ్మం_శిరీష

నెట్ కుచ్చులకి ఒక చిట్కా. మిషన్ కుట్టుని అన్నిటికన్నా పొడుగ్గా పెట్టి, పావు అంగుళం దూరంలో రెండు వరసలు వేయండి. చుట్టూ ఒకే దారంతో వేయొద్దు, ఎనిమిది భాగాలు చేసుకుని భాగానికి ఆపండి. దారం మధ్యలో తెగితే మొత్తం మళ్లీ మొదలెట్టక్కర్లేదు. బాబిన్ దారాలు రెండూ కలిపి లాగండి. నడుము పట్టీని కూడా ఎనిమిది గుర్తులు పెట్టుకుంటే కుచ్చులు ఒకచోట గుంపుగా, ఒకచోట పల్చగా రావు.

నెట్ మిషన్ పళ్లలోకి పోతుంటే అడుగున తెల్ల బటర్ పేపర్ పెట్టి కుట్టి తర్వాత చించేయండి. వార్తాపత్రిక ముక్కలు మాత్రం పెట్టకండి, సిరా తెల్ల గుడ్డకి అంటుకుంటుంది. సూది కొత్తది, 11 నంబరు. పాత సూదైతే శాటిన్‌లో పోగులు లాగుతుంది.

ఇంకోటి, మిషన్‌కి నూనె ముందే వేసేసి, తెల్ల గుడ్డ పెట్టేముందు పాత బట్ట మీద బాగా నడిపించండి.

డాలస్_అమ్మమ్మ

అమ్మాయ్, ఇక్కడ మన తెలుగువాళ్ల హిందూ పెళ్లిళ్లలో కూడా ఇప్పుడు చిన్నపిల్లలు పెళ్లికూతురి ముందు పూలరేకులు చల్లుకుంటూ వస్తున్నారు. వాళ్లకి నేను పట్టు పరికిణీలు కుడతాను. రెండు అంచులున్న పాత పట్టుచీర ఒకటుంటే నలుగురు పిల్లలకి వస్తుంది. చీర వెడల్పు 46 అంగుళాలు ఉంటే, కింది పెద్ద అంచు వైపు నుంచి 26 అంగుళాలు ఇద్దరు పెద్దపిల్లలకి, పై అంచు వైపు మిగిలిన 20 అంగుళాలు ఇద్దరు చిన్నపిల్లలకి. పమిట పోగా మిగిలిన చీర పొడవుని సగం చేస్తే ఒక్కొక్కళ్లకి రెండు మీటర్ల పైన చుట్టుకొలత. పమిట జాకెట్లకి. నీకు తెల్ల ఫ్రాకులే కావాలనుకో, రిసెప్షన్‌కి ఇది ఆలోచించు.

గుంటూరు_ఆడపడుచు

అమ్మమ్మగారూ, చీర అనగానే నా మనసులో ఉన్న మాట అడుగుతున్నాను. మా అమ్మ పెళ్లి చీర ఉంది. మా పెళ్లిళ్లలో కట్టే తెల్ల పట్టుచీరే, సన్నటి వెండి జరీ. ఆ చీరలోంచి పిల్లల నడుము బెల్టులు కుట్టమని అమ్మ అంటోంది. నలుగురిలో ముగ్గురు తన మనవరాళ్లే కదా, కొత్త కోడలి ముందు ఆ గుడ్డతో నడవాలని తన కోరిక. కత్తెర పెట్టడానికి నాకు చేతులు రావట్లేదు. శాటిన్ బెల్టులతో సరిపెట్టేయమంటారా?

వరంగల్_బిడ్డ

అక్కా, పెళ్లి చీర కోయకు. ఒక్కసారి కోస్తే మళ్ల రాదు. రేపు ఆ పిల్లల్లో ఎవరో ఒకరు వాళ్ల పెళ్లికి అమ్మమ్మ చీర కట్టుకుంటా అంటే ఏం చేస్తవు?

రిటైర్డ్_టీచర్_రాజమండ్రి

నేను ఒప్పుకోను. చీర ఎవరిదో ఆవిడే కోయమంటోంది. పట్టుచీర బీరువాలో మడతల దగ్గరే చీలిపోతుంది. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంచిన జరీ చీరలు విప్పగానే గీతలా విడిపోవడం నేను చూశాను. ఆవిడ కళ్ల ముందు మనవరాళ్ల నడుముకి చుట్టుకుంటే ఆవిడకి ఎంత సంతోషం! అది వాయిదా వేయదగ్గ కోరిక కాదు.

వరంగల్_బిడ్డ

టీచరమ్మా, మీరన్నది కూడా నిజమే. కానీ మొత్తం చీర పాడుచేయకుంట ఏదన్న ఉపాయం ఉంటే చూడున్రి అంటున్న.

తెనాలి_మాస్టర్

ఉపాయం ఉంది. చీర కట్టేటప్పుడు ముందుగా నడుములో దోపుకునే లోపలి కొస ఉంటుంది చూడండి, అది బయటికి కనబడదు. అక్కడ ఎనిమిది అంగుళాలు తీసినా చీర కట్టుకోవడానికి ఇబ్బంది ఉండదు, పమిట చెక్కుచెదరదు.

ఆ ఎనిమిదిని అడ్డంగా నాలుగేసి అంగుళాల రెండు పట్టీలు చేయండి. అంచులు పోగా ఒక్కో పట్టీ నలభై అంగుళాల పైన ఉంటుంది, మూడు ముక్కలు వస్తాయి. ఒక్కో ముక్క 13 అంగుళాలు. పిల్ల నడుములో ముందు సగం పదకొండు, పన్నెండు మించదు కాబట్టి బెల్టు ముందుభాగం అమ్మగారి పట్టు, పక్క కుట్టు నుంచి వెనక్కి వెళ్లే పట్టీలు, బో అంతా మీ దగ్గర మిగిలే శాటిన్. నాలుగు బెల్టులకి నాలుగు ముక్కలు. ఇంకా రెండు ముక్కలు చేతిలో ఉంటాయి. ఎదురుగా కనిపించేది పట్టే.

రిటైర్డ్_టీచర్_రాజమండ్రి

మాస్టారూ, నమస్కారం మీకు! ఇది వరంగల్ అమ్మాయికీ నచ్చుతుంది, నాకూ నచ్చింది.

డాలస్_అమ్మమ్మ

కోసేముందు ఆ కొసని కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టి చూడమ్మా. పోగులు జరిగి జల్లెడలా కనిపించే చోట వదిలేసి గట్టిగా ఉన్నచోట తీసుకో. పాత పట్టుని ఒంటరిగా కుట్టకూడదు, లాగుడుకి ఆగదు. కొందరు అంటుకునే ఫ్యూజింగ్ వేస్తారు. నేనైతే ఆ వేడి, ఆ జిగురు పాత పట్టుకి పెట్టను. అదే కొలతలో మెత్తటి కాటన్ ముక్క కింద పరిచి, చుట్టూ దూరం దూరంగా టాకాలు వేసి రెండూ ఒకే గుడ్డ అనుకుని కుడతాను. గుండుసూదులు మాత్రం కుట్టు బయట మార్జిన్‌లోనే గుచ్చు. పట్టుకీ శాటిన్‌కీ సూది రంధ్రాలు మిగిలిపోతాయి.

గుంటూరు_ఆడపడుచు

అమ్మకి ఈ పోస్టులన్నీ చదివి వినిపించాను. తనే చీర తెచ్చి మంచం మీద పరిచి లోపలి కొస చూపించింది. బ్లౌజు ముక్క ఎప్పుడో తీసేశారు, ఆ చివర గట్టిగానే ఉంది. మాస్టారు చెప్పినట్టే చేస్తాను.

ఇప్పుడు లైనింగ్, కాన్‌కాన్ గురించి చెప్పండి. అసలు నా దిగులు అక్కడే ఉంది.

ఖమ్మం_శిరీష

లైనింగ్‌కి సింథటిక్ వద్దక్కా, మల్ కాటన్ (పల్చటి, మెత్తటి నూలు గుడ్డ) తీసుకోండి. ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి అప్పుడు కత్తిరించండి. తడపకుండా కుడితే మొదటి ఉతుకులోనే లోపలిది కుంచించుకుపోయి పైన శాటిన్ బుడగలు పడుతుంది. లంగా భాగానికి కూడా శాటిన్ కింద కాటన్ ఉండాలి. చెమటకి శాటిన్ కాళ్లకి అతుక్కుంటుంది, పిల్లలు అడుగు తీసి అడుగు వేయలేరు.

తెనాలి_మాస్టర్

మీ మిషన్‌కి జిగ్‌జాగ్ రాదన్నారు, ఓవర్‌లాక్ (అంచు పోగులు ఊడకుండా వేసే కుట్టు) కూడా ఉండకపోవచ్చు. ఈ పద్ధతిలో అయితే పైభాగానికి వాటితో పనే ఉండదు.

పైభాగం శాటిన్‌తో ఒకటి, మల్‌తో ఒకటి, రెండూ ఒకే కొలత. భుజాలు విడివిడిగా కుట్టుకోండి. రెండింటి మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి మెడ చుట్టూ, చంకల చుట్టూ కుట్టండి. వంపుల దగ్గర కుట్టు తెగకుండా చిన్న చిన్న గాట్లు పెట్టి, భుజం సందులోంచి వెనక భాగాల్ని లాగి తిప్పేయండి. మెడ, చంకలు శుభ్రంగా వచ్చేస్తాయి. తర్వాత పక్కలు. శాటిన్‌ది శాటిన్‌కి, మల్‌ది మల్‌కి ఒకే వరసలో కుట్టాలి. పక్కల అంగుళం గుడ్డ వదలండి.

ఇక నడుము. గొడుగు శాటిన్, నెట్, కాటన్ లంగా మూడూ పైభాగపు శాటిన్‌కి మాత్రమే కలిపి కుట్టండి. మల్ లైనింగ్ కింది అంచుని అర అంగుళం లోపలికి మడిచి ఆ కుట్టు మీదకి దించి, చేత్తో హెమ్మింగ్ చేయండి. అంత మందం కుట్టు, ఆ నెట్ కొసలు అన్నీ రెండు గుడ్డల మధ్య మూసుకుపోతాయి. ఒంటికి తగిలేది మెత్తటి కాటన్ తప్ప ఇంకేమీ ఉండదు. రెడీమేడ్‌లో పిల్లలు గోక్కునేది సరిగ్గా ఈ నడుము కుట్టు దగ్గరే. షాపులవాళ్లు ఓవర్‌లాక్ కొట్టి వదిలేస్తారు, నెట్ కొసలు పొడుచుకుంటాయి.

చేతి పని నలుగురికీ కలిపి ఒక రోజంతా పడుతుంది. కానీ ఆ పని మానకండి.

మాన్య_నాన్న

మాస్టారు చెప్పింది చదువుతుంటే మా పాప నడుం చుట్టూ ఎర్రగా కందిన గీత గుర్తొచ్చింది.

బంటి_పిన్ని_హైదరాబాద్

కాన్‌కాన్ లేకపోతే ఫ్రాకు చప్పగా పడిపోదూ? ఫొటోల్లో గుండ్రంగా నిలబడాలంటే హార్డ్ నెట్ కావాల్సిందే. అది వద్దంటారా ఏంటి?

ఖమ్మం_శిరీష

పిన్నీ, వద్దని కాదు, ఎక్కడ మొదలవ్వాలనేదే విషయం. ఫ్రాకుకి కుట్టేయకుండా విడిగా కాటన్ పెట్టీకోట్ కుట్టి, మోకాలి కాస్త పైనుంచి కింద వరకే హార్డ్ నెట్ కుచ్చు వేస్తే కూర్చున్నప్పుడు తొడల కింద గుచ్చుకోదు. నెట్ కింది కొసకి శాటిన్ రిబ్బన్ మడిచి కుట్టాలి, లేకపోతే పిక్కలు గీసుకుపోతాయి. నడకప్పుడు, ఫొటోలప్పుడు వేయొచ్చు, తర్వాత ఊడదీసి పక్కన పెట్టొచ్చు. మూడేళ్ల పాపకి మాత్రం అదీ వద్దు.

బంటి_పిన్ని_హైదరాబాద్

ఊడదీసే పెట్టీకోట్! ఇది బాగుంది, ఒప్పుకుంటున్నాను. కాన్‌కాన్ నెట్, రిబ్బన్లు మా సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో చాలా రకాలు దొరుకుతాయి, హైదరాబాద్ వైపు వాళ్లకి పనికొస్తుందని చెప్తున్నాను.

నరసాపురం_లేసు

అక్కా, ఆలస్యంగా చూశాను. చర్చి పెళ్లి, తెల్ల ఫ్రాకులు అంటున్నారు, మా ఊరి లేసు ఎవరూ తలవలేదే! 19వ శతాబ్దంలో మిషనరీలు మా ప్రాంతంలో ఆడవాళ్లకి నేర్పిన అల్లిక ఇది. ఇప్పటికీ నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఇంటి అరుగుల మీద కూర్చుని కొక్కెం సూదితో అల్లుతారు. 2024లో నరసాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా అమ్మ, నాయనమ్మ ఈ పని మీదే ఇల్లు నడిపారు, అందుకే చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మిషన్ లేసు నైలాన్‌ది మెడ దగ్గర గీరుకుంటుంది. మాది నూలు దారం, మెత్తగా ఉంటుంది. మెడకి సన్నటి పట్టీ గానీ, గుండ్రటి కాలర్ గానీ వేయించుకోండి. ఏడేళ్ల పాప మెడకి చుట్టూ కొలిచి ఒక చిన్న కాలర్ అల్లమంటే తేలికే. కానీ చేతి పని, ముందే చెప్పాలి, పెళ్లి వారంలో అడిగితే ఎవరూ చేయలేరు. దీన్నీ నీళ్లలో తడిపి ఆరబెట్టాకే కుట్టాలి. నూలు కదా, కుదించుకుంటుంది. బేరం ఆడేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి, అల్లేవాళ్ల చేతికి చేరేది ఎప్పుడూ చివరి వాటానే. వీలైతే అల్లేవాళ్ల దగ్గరే నేరుగా తీసుకోండి.

గుంటూరు_ఆడపడుచు

నరసాపురంలో మా బాబాయిగారి వియ్యాలవారున్నారు. ఇవాళే ఫోన్ చేసి నాలుగు కాలర్లు చెప్పించాను, నేరుగా అల్లే ఆవిడకే. తెల్ల శాటిన్, అమ్మ పట్టు, నరసాపురం లేసు... ఇక ముత్యాలు, రాళ్లు ఏమీ పెట్టను. అవసరం లేదనిపిస్తోంది.

వెనక జిప్పా, హుక్సా?

తెనాలి_మాస్టర్

చిన్నవాళ్లిద్దరికీ డోరీ (గుడ్డ తాడు) పెట్టండి. వెనక రెండు వైపులా గుడ్డ లూపులు వేసి డోరీతో అల్లితే రెండు అంగుళాలు అటూఇటూ అయినా సర్దుకుంటుంది. ఈ రెండు నెలల్లో పిల్ల లావయినా, సన్నబడినా భయం లేదు. డోరీ వెనక శాటిన్ పట్టీ తప్పకుండా ఉండాలి, వీపు కనబడకుండా. పెద్దవాళ్లిద్దరికీ జిప్ పెట్టుకోవచ్చు. జిప్ వెనక మాత్రం కాటన్ పట్టీ వేయాలి, చర్మం ఇరుక్కుపోకుండా.

ఛాతీ కొలతకి రెండు అంగుళాలు వదులు కలపండి. ముందుగా పాత దుప్పటి గుడ్డతో పైభాగం మాత్రం ఒకటి నమూనా కుట్టి పిల్లకి తొడిగి చూడండి. చేతులు పైకెత్తమనండి, కింద కూర్చోమనండి. పట్టేస్తే అప్పుడే తెలుస్తుంది. ఆది ఫ్రాకు ఇస్తే చాలని చాలామంది అనుకుంటారు, కానీ పిల్లలు పాత ఫ్రాకు దాటి పెరిగిపోయి ఉంటారు. టేపుతో కొలవాల్సిందే.

గొడుగు అంచు వెంటనే మడవకండి. ఫ్రాకు మొత్తం అయ్యాక ఒక రోజంతా హ్యాంగర్‌కి వేలాడదీయండి. క్రాస్ వచ్చిన చోట శాటిన్ కిందకి దిగుతుంది. అప్పుడు పిల్లని స్టూలు మీద నిలబెట్టి నేల నుంచి స్కేలుతో చుట్టూ ఒకే ఎత్తు గుర్తు పెట్టి, ఎక్కువ ఉన్నది కోసి, సన్నంగా రెండు మడతలు వేసి కుట్టండి.

రిటైర్డ్_టీచర్_రాజమండ్రి

ఒక హెచ్చరిక, ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. కొన్ని పెళ్లిళ్లలో పిల్లల చేతికి వెలుగుతున్న కొవ్వొత్తులు ఇస్తున్నారు. నెట్, శాటిన్ రెండూ సింథటిక్. నిప్పు తగిలితే కరిగి చర్మానికి అతుక్కుంటాయి. పిల్లల చేతికి పూలబుట్ట చాలు. కొవ్వొత్తి తప్పదంటే బ్యాటరీది ఇవ్వండి. వేదిక మీద వెలిగే కొవ్వొత్తుల పక్కన పిల్లల్ని నిలబెట్టకుండా ఎవరో ఒక పెద్దావిడకి బాధ్యత అప్పగించండి. 

వరంగల్_బిడ్డ

అవునక్కా. ఇంకోటి, బుట్టల ఎర్ర గులాబీ రేకులు పెట్టకు. పిల్లలు పిడికిట్ల నలిపి ఫ్రాకుకి తుడుస్తరు, మరక పోదు. తెల్లయి, లేత గులాబీ రంగువి పెట్టు.

డాలస్_అమ్మమ్మ

ఇంటి దగ్గర తొడిగి కారులో తీసుకెళ్లకమ్మా. మామూలు బట్టల్లో తీసుకెళ్లి, టిఫిన్ పెట్టి, బాత్రూం అయ్యాక చర్చిలోనే గది అడిగి తొడుగు. భోజనాలకి ముందు మార్చేయండి.

గుంటూరు_ఆడపడుచు

అందరికీ వందనాలు. పెళ్లి దేవుడి దయ వల్ల చాలా బాగా జరిగింది. ఆలస్యమైనా రాయకుండా ఉండకూడదని వచ్చాను.

ముందు అమ్మ సంగతి. నాలుగు బెల్టులు నలుగురి నడుముకీ తనే కట్టింది. మా చిన్నదాని బో రెండుసార్లు విప్పి మళ్లీ సరిచేసింది. వరంగల్ చెల్లీ, చీర అలాగే ఉంది. రిసెప్షన్‌కి అమ్మ అదే చీర కట్టుకుంది. ఎనిమిది అంగుళాలు తగ్గినట్టు ఎవరికీ తెలియలేదు.

పిల్లలు ఒక్కరు కూడా గోక్కోలేదు. నడుము దగ్గర చేత్తో చేసిన హెమ్మింగే దానికి కారణం, మాస్టారూ. నాలుగో ఫ్రాకుకి వచ్చేసరికి విసుగొచ్చినా మానలేదు. మా అక్క చిన్నకూతురు ప్రార్థన జరుగుతుండగానే వాళ్ల నాన్న ఒళ్లో నిద్రపోయింది. ఆ ఎండలో, ఫ్యాన్ గాలి సరిగా తగలని చోట, అంత గుడ్డలో హాయిగా పడుకుంది. పొట్టిగా కుట్టమన్న తమ్ముడికి చాలా థాంక్స్. చర్చి గుమ్మం మెట్లు మూడూ తనే ఎక్కింది.

పెద్దవాళ్లిద్దరూ విడి పెట్టీకోట్ వేసుకుని నడిచారు, ఫొటోలు అవగానే తీసేశారు. శాటిన్ అంచు ఒక రోజు వేలాడదీసినప్పుడు పక్కల ముప్పావు అంగుళం దిగింది. ముందే మడిచి ఉంటే వంకరగా ఉండేది. పదేళ్ల అమ్మాయి ఫ్రాకుకి పక్కల వదిలిన అంగుళంలో పావు వంతు విప్పాల్సి వచ్చింది, ఆ గుడ్డ ఉండబట్టి సరిపోయింది.

లేసు కాలర్ల గురించి చర్చిలో అడగని ఆడవాళ్లు లేరు. అల్లినావిడకి ఇంకో రెండు ఆర్డర్లు అక్కడే వచ్చాయి.

నరసాపురం_లేసు

ఆ చివరి వాక్యం మా అమ్మకి చదివి వినిపించాను అక్కా. చాలా సంతోషించింది.

ఏలూరు_కొత్తసభ్యురాలు

ఈ చర్చ మొత్తం ఇవాళే చదివాను. మా మరిది పెళ్లి డిసెంబరులో, మా పాపకి ఆరేళ్లు, ఒక్కతే ఫ్లవర్ గర్ల్. ఇదే డిజైన్ కుడదామనుకుంటున్నాను. చలికాలం కదా, చేతులు పెట్టుకోవచ్చా? గుడ్డ ఎంత తీసుకోమంటారు?

గుంటూరు_ఆడపడుచు

తప్పకుండా పెట్టుకోండి. చేతులకి నెట్ ఒక్కటే వేయకండి, చంక దగ్గర గీరుకుంటుంది. శాటిన్‌తో బుట్టచేతులు కుట్టి లోపల మల్ వేయండి. ఆరేళ్లకి శాటిన్ మూడుంపావు మీటర్లు, సాఫ్ట్ నెట్ రెండున్నర మీటర్లు, మల్ కాటన్ 36 పన్నా అయితే రెండు మీటర్లు తీసుకోండి. పొడవు కొలిచాక మాస్టారి లెక్కతో ఒకసారి సరిచూసుకోండి. లేసు కావాలంటే ఇప్పుడే చెప్పించుకోండి, డిసెంబరులో పెళ్లిళ్లు, క్రిస్మస్ కలిసొస్తాయి.

నాలుగు సైజుల కాగితం కటింగ్‌లు దాచాను. మీ పాప ఛాతీ, నడుము, భుజం కొలతలు ఇక్కడ పెట్టండి, ఏ సైజు దగ్గరగా ఉందో చూసి ఎక్కడ ఎంత పెంచాలో రాస్తాను.